అన్నయ్య పేరు పక్కన పచ్చచుక్క

ఇంకా తలుపు తీయలేదు. తెర మీద పెద్ద ఇనప తలుపు, దాని ముందు అన్నయ్య, అంటే అన్నయ్య బొమ్మ, చేతిలో ఈటె, భుజాన ఎర్ర గుడ్డ, తల మీద తెల్లటి అక్షరాల్లో నాగు_బందరు అని పేరు, పేరు పక్కన పచ్చచుక్క. చుక్క పచ్చగా ఉందంటే మనిషి ఆటలో ఉన్నాడని అర్థం. మనిషి లేడు, నేనున్నాను, తేజస్వినిని, నాగేంద్రబాబు చెల్లెల్ని, బందరు సత్తిబాబుగారి నెట్ సెంటర్లో గోడవారన కేబిన్లో కూర్చుని, ఎడమచేతి వేళ్ళు అన్నయ్య పెట్టుకున్న మీటల మీద పెట్టుకుని. నా పక్కన ప్లాస్టిక్ కుర్చీలో రాజకుమారి వదిన. ఆవిడ ఇక్కడికి రావడం ఇదే మొదలు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, ఆసుపత్రి వరండాలో పేరు పిలిచేదాకా కూర్చునేవాళ్ళలా కూర్చుంది. మధ్యాహ్నం ఎండ తలుపు సందులోంచి పడుతోంది, బయట కోనేరు సెంటర్ వైపు వెళ్ళే ఆటోల హారన్లు, లోపల కుర్రాళ్ళు హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఒకళ్ళ మీద ఒకళ్ళు అరుచుకుంటున్నారు, చావరా, చావరా అని. ఆ మాట వినపడినప్పుడల్లా నేను వదిన మొహం చూస్తున్నాను.

గుడివాడ బావ రాశాడు. "బావా, రెడీయేనా." గుడివాడ బావ నాకు బావ కాదు, అన్నయ్యకీ కాదు. అన్నయ్య అతన్ని చూడనే లేదు. గుడివాడలో ఎక్కడో ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చునే మనిషి, ఆటలో వైద్యుడు, అన్నయ్యకి జతగాడు. అన్నయ్య కొడతాడు, అతను గాయం మాన్పుతాడు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాస్తాడు, ప్రతి మాటకీ బావా అంటాడు. నేను రెడీ అని కొట్టాను. అన్నయ్యలాగా బావా అని చేర్చాను. రెండు నెలలుగా ఇదే పని చేస్తున్నాను, చచ్చినట్టు చేస్తున్నాను, మైకు పాడైందని, గొంతు పోయిందని, జ్వరమని, ఏదో ఒకటి. నమ్మాడో లేదో ఆ దేవుడికే తెలియాలి. "నీ చెయ్యి తడబడుతోంది బావా, పర్లేదు, మొదట్నించీ మళ్ళీ చూసుకుందాం" అన్నాడు ఒకరోజు. అలా నాకు ఈ ఆట నేర్పించింది గుడివాడ బావే. నేర్పిస్తూ, ఇది నువ్వు చెప్పిందే కదా బావా, అదీ నువ్వు చెప్పిందే కదా అనేవాడు. అన్నయ్య మాటలు గుడివాడ దాకా వెళ్ళి మళ్ళీ నా దగ్గరికి వచ్చేవి, నేను ఏడుపు దిగమింగి సరే బావా అని కొట్టేదాన్ని.

అన్నయ్య నాకు ముందే చెప్పాడు, వింటేగా. చేపల వేట నిషేధం పెట్టిన ఎండాకాలంలో పడవలన్నీ ఒడ్డున బోర్లా పడుకుంటే, మగాళ్ళందరూ పేకాటకి పోతే, మావాడు సైకిలేసుకుని మంగినపూడి రోడ్డు పట్టుకుని బందరొచ్చి ఈ ఆట నేర్చుకున్నాడు. సాయంత్రం ఇసకలో వల పరుచుకుని చిరుగులు కుడుతూ నాకు పాఠం. "ఒంటరిగా తలపడ్డప్పుడు ముందే ఎగబడి కొట్టకే. చూడు. ఎదుటోడి దగ్గర పెద్ద దెబ్బ ఒకటుంటది. అది వాడేదాకా దూరదూరంగా తిరుగు. వాడేశాడా, ఇంక కాసేపు వాడి చేతులు ఖాళీ, అప్పుడు నీ ఇష్టం." నేను మొహం చిట్లించేదాన్ని. చేపలు పట్టేవాడివి చేపలు పట్టుకో, ఈ కత్తులూ ఈటెలూ నీకెందుకురా అనేదాన్ని. నవ్వేవాడు. నల్లటి మొహంలో పళ్ళు మాత్రమే కనపడేవి. రా గీ అంటే వీపు చిట్లుద్ది అనేవాడు, కొట్టేవాడు కాదు. ఆ పళ్ళు ఇప్పుడు కళ్ళు మూసుకుంటే కనపడుతున్నాయి, మొహం సరిగ్గా రావడం లేదు. రెండు నెలలకే మొహం రాకపోతే ఎలా, రేపు ఏడాదికి ఏం మిగులుతుంది. అందుకే కదా ఈ బొమ్మని పట్టుకుని వేళ్ళాడుతున్నాను.

వినాయక చవితి వెళ్ళాక వాయుగుండం పట్టింది. తిరిగొస్తున్న పడవ, ఇల్లు కనపడేంత దూరంలోనే, ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర ఇసక మేట మీద అలకి తిరగబడింది. పడవలో ఇద్దరు, అన్నయ్యా, అంకమ్మరావు మావయ్యా. పట్టుకోవడానికి దొరికింది ఖాళీ డీజిల్ డబ్బా ఒక్కటే. మావయ్య దాన్ని కావలించుకుని తెల్లారేసరికి ఒడ్డుకి కొట్టుకొచ్చాడు. మా గుమ్మంలో కూలబడి చెప్పాడు, ఆ డబ్బా ముందు నాగేంద్ర చేతికే దొరికిందనీ, వాడే నా వైపు తోశాడనీ, పట్టుకో మావయ్యా అన్నాడనీ, ఆ తర్వాత వాణ్ణి చూడలేదనీ. చెప్తూ చెప్తూ నేలకేసి తల బాదుకున్నాడు. వదిన నోరు తెరిచింది. శోకం ఎత్తబోయింది. అమ్మ వెళ్ళి వదిన నోరు మూసింది, చేత్తో, గట్టిగా. "బతికున్నోడికి ఏడుత్తావా? డబ్బా ఒదిలాడంటే ఒడ్డు కనబడే ఒదిలుంటాడు. ఒడ్డు కనబడనోడెవడూ డబ్బా ఒదలడు" అంది. మా అమ్మ వెంకటరత్నమ్మ తర్కం అది. మా పాలెంలో అంతే, సముద్రం శవాన్ని ఇవ్వకపోతే పోయాడన్న మాట ముందు తల్లి నోట రావాలి, తల్లి శోకం ఎత్తితేనే మిగతా ఆడవాళ్ళు గొంతు కలుపుతారు. అమ్మ ఎత్తలేదు. ఊరంతా నోరు కట్టుకుని కూర్చుంది. అమ్మ మాత్రం అన్నయ్య తిండి కంచం ఇంకా రోజూ కడుగుతూనే ఉంది.

ఆ చుక్క వెలిగించిన తప్పు నేనే చేశాననిపిస్తుంది, కాదు, తప్పని ఎలా అంటాను. గుడివాడ మనిషికి సంగతి చెబుదామనే వచ్చాను. ఆట తెరిచే అన్నయ్య రహస్యపు మాట నాకు తెలుసు, పాలెంలో అందరికీ తెలుసు, వాళ్ళావిడ పేరే. కొట్టగానే బొమ్మ లేచి నిలబడింది, చుక్క పచ్చబడింది, వెంటనే "బావా వచ్చావా! చచ్చిపోయావనుకున్నాను" అని పడింది. ఏం చెప్తాను? వచ్చాను బావా అని కొట్టాను. ఇంటికెళ్ళి వదినతో అన్నాను, అన్నయ్య పేరు వెలిగింది వదినా అని. పిచ్చిమాట. వదిన నవ్వింది, అన్ని రోజుల్లో మొదటిసారి. ఆ నవ్వు చూసి మర్నాడు మళ్ళీ వచ్చాను. కాలేజీ అవగానే ఇక్కడికి, ఇక్కడినుంచి ఇంటికి, ఇంటికెళ్ళగానే గుమ్మంలో వదిన, "ఎట్టా ఉన్నాడమ్మాయ్?" బాగున్నాడు వదినా. కొత్త ఈటె కొన్నాడు. నిన్న ఇద్దరి మీద గెలిచాడు. అబద్ధం కూడా కాదు. బాగానే ఉన్నాడు, ఎండా వానా తగలని చోట.

నాగాయలంక నుంచి వదిన మేనమామ వెంకటాద్రి వచ్చాడు, పిల్లని మా ఇంటికి తీసుకెళ్తాం, చిన్నపిల్ల, ఎన్నాళ్ళిలా అన్నాడు. అమ్మ లేచింది. "నా కొడుకు పేరు బందర్లో దీపంలా వెలుగుతా ఉంటే నా కోడలి బొట్టెట్టా తీత్తారయ్యా?" ఆయన బిత్తరపోయి నా వైపు చూశాడు. నేను గోడ వైపు చూశాను. అమ్మకి తెలియక కాదు. ఆ రాత్రి పక్కమీద అటు తిరిగి పడుకుని అడిగింది, "నువ్వేగా తెరిచేది?" అవునమ్మా. "తెరుత్తా ఉండు" అంది. అంతే. అప్పట్నించీ వదిన బొట్టు నా వేళ్ళ మీద ఉంది. వదిన పోవడానికి లేదు, ఏడవడానికి లేదు, పూలు పెట్టుకోక తప్పదు. నేను చుక్క వెలిగించినన్నాళ్ళూ ఆ పిల్ల అలా కొయ్యలా తిరుగుతూనే ఉంటుంది. నాకు అమ్మ మీద కోపం. నా మీద నాకు అసహ్యం. సముద్రం సంగతి అసలు ఎత్తను.

తలుపు తీశారు. ఆఖరి బరి ఇది, మామూలు పోరు కాదు. మామూలు పోరులో పడిపోతే కాసేపటికి లేస్తాం. ఈ బరిలో పడినవాడు పడినట్టే, పేరుతో సహా చెరిపేస్తారు, మళ్ళీ రాడు. వానలకి ముందే అన్నయ్య, గుడివాడ బావ సరదాపడి పేర్లిచ్చుకున్నారు, దీపావళి వెళ్ళాక ఆడదామని. పేర్లిచ్చి రాకపోతే ఇద్దరినీ పడినట్టే లెక్కగడతారు. ఈ సంగతి వదినకి చెప్పాను, వదిన అమ్మకి చెప్పింది. పొద్దున బయల్దేరుతుంటే అమ్మ కుంకుమ తెచ్చి నా నుదుట దిద్దింది, వేటకెళ్ళే మగాడికి దిద్దినట్టు. "గెలిపించుకుని రా" అంది. వదిన చెప్పులు వేసుకుని, "నేనూ వత్తా" అంది. అమ్మ వద్దనలేదు.

అవతల ఇద్దరు. ఒకడు నిప్పులు విసిరేవాడు, ఒకడు కంటికి కనపడకుండా వెనక చేరి కత్తి దించేవాడు. కనపడనివాడితోనే భయం. ఇద్దరూ చెరొకణ్ణీ కొట్టొద్దు, ఒకణ్ణే పట్టుకోవాలి, అన్నయ్య మాట, కాదు గుడివాడ బావ మాట, ఎవరిదైతేనేం. నిప్పులవాడి మీదకి ఉరికాను. స్తంభం, స్తంభం వెనక్కి, నిప్పు వేసేటప్పుడు స్తంభం అడ్డం పెట్టుకోవాలి, వాడికి నేను కనపడకపోతే నిప్పు రాదు. వేశాడు. తప్పింది. మళ్ళీ ఉరికాను. వదిన కుర్చీ నా పక్కకి జరిగింది. "ఏడీ, మీ అన్నయ్య ఏడీ?" అంటోంది. ఇదిగో వదినా, ఎర్ర గుడ్డ, ఎర్ర గుడ్డ చూడు. ఆ ఎర్ర గుడ్డ వదిన పెళ్ళిచీరె రంగు, వెతికి వెతికి కొన్నాడట, ఆ సంగతి గుడివాడ బావకి తెలుసు గానీ వదినకి తెలీదు. చెప్పాలి. ఇప్పుడు కాదు. కాళ్ళు కట్టేశారు, బొమ్మ కదలడం లేదు. కంగారుపడకు, కొత్తవాళ్ళు కట్టు పడగానే కంగారుపడి చేతిలో ఉన్నవన్నీ వాడేస్తారు, చిన్న కట్టు దానంతటదే విడిపోద్ది, వల విదిలిస్తూ చెప్పాడు అన్నయ్య, ఇసక నా మొహాన పడింది, తిట్టాను. విడిపోయింది. పొడిచాను. నిప్పులవాడి తల మీది రక్తం గీత సగానికి దిగింది. నాకు నవ్వొచ్చింది. ఇంకో రెండు పోట్లు, అన్నయ్యా, ఇంకో రెండు పోట్లు పొడిస్తే నిన్ను ఇంటికి తీసుకెళ్ళి అమ్మకి అప్పజెప్తాను.

అప్పుడు నా గీతా నిప్పులవాడి గీతా తప్ప ఇంకేదీ చూడటం లేదని తెలిసింది. నీ రక్తం చూసుకోవడం కాదే, జతగాడి రక్తం చూడు, జత పోరులో సగం మంది చచ్చేది అందుకే అనేవాడు అన్నయ్య. చూశాను. గుడివాడ బావ బరి ఆ చివర మోకాళ్ళ మీద ఉన్నాడు. కనపడనివాడు అతని వెనక తేలాడు, నేను ఇక్కడ నవ్వుకుంటున్నంతసేపూ అతన్ని పొడుస్తూనే ఉన్నాడు. నా గాయాలు మాన్పుతూ తన గాయం మాన్పుకోలేదు పిచ్చిమనిషి. గీతలో గోరంత ఎరుపు. "బావా డాలు" అని రాశాడు. అంతలో నిప్పులవాడి పెద్ద దెబ్బ నాకు తగిలింది. నా గీతా గోరంతయింది.

డాలు ఒకటే. వేస్తే కాసేపు ఏ దెబ్బా తగలదు. నాకు వేసుకోవచ్చు, జతగాడికి వేయొచ్చు. పోరు మొత్తానికి ఒక్కసారే. చిటికెనవేలు దాని మీటకి ఆనుకునే ఉంది. నాకు వేసుకుంటే నిప్పులవాణ్ణి పడగొట్టేస్తాను, అన్నయ్య మిగులుతాడు, చుక్క మిగులుతుంది, అమ్మ మొహం మిగులుతుంది, వదిన బొట్టు ఉంటుంది, రేపూ ఎల్లుండీ కాలేజీ అవగానే ఇక్కడికి, గుమ్మంలో ఎట్టా ఉన్నాడమ్మాయ్, బాగున్నాడు వదినా, ఏడాదికీ బాగున్నాడు, పదేళ్ళకీ బాగున్నాడు, వదిన జుట్టు నెరిసినా బాగున్నాడు. గుడివాడ బావ పోతే బొమ్మేగా పోయేది, మనిషి ఉంటాడుగా, ఇంకో బొమ్మ చేసుకుంటాడుగా. అన్నయ్యకి ఉన్నది ఈ బొమ్మే కదా. ఖాళీ డబ్బా నీళ్ళ మీద తేలుతోంది. ఎవరు వదిలేస్తారమ్మా డబ్బాని, ఒడ్డు కనపడకుండా? కనపడలేదమ్మా. వాడికి ఒడ్డు కనపడలేదు. చీకటి, వాన, ఉప్పునీళ్ళు నోట్లో, ఏం కనపడుతుంది. కనపడకుండానే తోశాడు. పట్టుకో మావయ్యా.

"ఆయనకేదో అవుతుందే" అంది వదిన, వేలు గుడివాడ బావ బొమ్మ మీద పెట్టి. "నీ దగ్గరేం లేదా అమ్మాయ్?"

"ఉంది వదినా. డాలుంది. ఆయనకేస్తే అన్నయ్య పోతాడు. మళ్ళీ రాడు."

వదిన తెర వైపు చూసింది. తన నుదుటి మీద కుంకుమ చెమటకి కరిగి ముక్కు దాకా జారింది, తుడుచుకోలేదు. నా చిటికెనవేలు చూసింది. అన్నీ ఒక్క క్షణంలో జరిగాయి గానీ ఆ క్షణం ఎంత పొడుగో.

"మీ అన్నయ్య పోయాడుగా అమ్మాయ్" అంది. చాలా మామూలుగా అంది. "ఆయనకెయ్యి."

వేశాను. గుడివాడ బావ చుట్టూ నీలం వెలుగు కమ్ముకుంది, కత్తి అతని మీద పడి జారిపోయింది. అన్నయ్య మీద నిప్పు పడింది. ఈటె ముందు పడింది. తర్వాత మోకాళ్ళు. ఎర్ర గుడ్డ కాసేపు గాలికి ఆడింది, తర్వాత అదీ పడింది. బొమ్మ పలచబడింది, వెనకున్న రాళ్ళు కనపడ్డాయి, తర్వాత రాళ్ళే ఉన్నాయి. పేర్ల జాబితాలో ముందు చుక్క ఆరింది, తర్వాత పేరు పోయింది, కింద పేరు పైకి జరిగి ఆ ఖాళీ కూడా లేకుండా చేసింది. గుడివాడ బావ లేచి మిగిలిన నిప్పులవాణ్ణి ముగించాడు, కనపడనివాణ్ణీ ముగించాడు, అతనికి అంత బాగా కొట్టడం వచ్చని నాకు తెలీదు. గెలిచారు అని వచ్చింది పెద్ద బంగారు అక్షరాల్లో. పడినవాళ్ళకి బరి మూసేదాకా మాట్లాడే వీలుంటుంది. అతను రాస్తున్నాడు, గబగబా, తప్పులతో. "ఏంటి బావా ఇది. నాకెందుకేశావు. నీకేసుకోవాల్సింది కదా. బావా. బావా ఉన్నావా."

నేను రాశాను. రాసి పంపించాను. వదిన నా మోచెయ్యి పట్టుకుంది. "ఏం రాశావు?" ఏం లేదు వదినా. "చదువు." తెర వైపు వేలు చూపించాను. "పైకి చదువు అమ్మాయ్, నేను వినాలి." చదివాను. "నేను నాగు చెల్లెల్ని. మా అన్నయ్య చనిపోయాడండీ." మా ఇంట్లో ఎవరూ అనని మాట, మా పాలెంలో ఎవరూ అనని మాట, ఎవరో మొహం తెలియని గుడివాడ మనిషికి రాసి, కుర్రాళ్ళ అరుపుల మధ్య పైకి చదివాను. అవతల నుంచి "అమ్మా" అని ఒక్క మాట వచ్చింది. ఇంకేదో రాస్తున్నట్టుంది, ఈలోగా బరి మూసేశారు, తెర నల్లబడింది. నల్లటి అద్దంలో నేనూ వదినా కనపడ్డాం.

వదిన లేచింది. కుర్చీ వెనక్కి పడింది. రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని శోకం ఎత్తింది. "ఓ నా రాజో, నన్నెవరి చేతిలో పెట్టి పోయావయ్యో, ఒడ్డు కనబడకపోయెనా నీకు, నా పేరెట్టి పిలవకపోయెనా నాయినో" అని, ఆ గొంతు ఇన్నాళ్ళూ ఎక్కడ దాచుకుందో, పాలెం పాలెం వినాల్సిన గొంతు, అమ్మ ముందెత్తితే అందరూ కలపాల్సిన గొంతు, ఇక్కడ, కేబిన్ చెక్కలు అదిరేలా. నేను కలిపాను. ఒళ్ళు తెలియకుండా కలిపాను. వదిన నడుం కావలించుకుని, కింద కూలబడి, అన్నయ్యా అన్నయ్యా అని. కుర్రాళ్ళు ఒక్కొక్కళ్ళూ హెడ్‌ఫోన్లు తీసేశారు. చావరా అన్న అరుపులు ఆగిపోయాయి. ఫ్యాను తిరుగుతోంది. సత్తిబాబుగారు కౌంటర్ వదిలి పరిగెత్తుకొచ్చారు. అన్నయ్యని ఎరిగిన మనిషి, రోజూ నన్ను చూసి మీవాడి కబురేమైనా తెలిసిందా అని అడిగే మనిషి. ఇద్దరినీ మార్చి మార్చి చూసి, కిందికి వంగి, మెల్లిగా అడిగారు.

"ఏమైందమ్మా?"

"మా అన్నయ్య పోయాడండీ."

"అయ్యయ్యో. ఎప్పుడమ్మా?"

"ఇప్పుడేనండీ" అన్నాను.